మా నాయనకు అప్పు పుట్టలేదు

అరవై రెండేళ్లు వచ్చేవరకు మా నాయన ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేయలేదు. ఈ సంగతి చింతామణి బజారులో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పేవాడు. చింతపండు, ఎండుమిరపకాయలు, బెల్లం అమ్మే అంగడి మాది. అంగడికి వచ్చినవాళ్లు ఎండ గురించి మొదలుపెట్టినా, వాన గురించి మొదలుపెట్టినా, కాసేపటికి మాట అప్పు మీదికి మళ్లేది. "అప్పుతో తిన్న అన్నం ఒంటబట్టదప్పా" అనేవాడు నాయన. పావుకిలో బెల్లం కోసం వచ్చిన మనిషి కూడా ఆ మాట వినకుండా మెట్టు దిగడానికి వీలుండేది కాదు.

మండీ నుంచి మాత్రం పదిహేను రోజుల గడువు మీద సరుకు తెచ్చుకునేవాడు. అది అప్పు కాదా అని స్కూల్లో చదివేటప్పుడు ఒకసారి అడిగాను.

"అది అప్పు కాదురా, నమ్మకం" అన్నాడు.

తరవాత బి.కాం.లో మూడేళ్లు జమాఖర్చులు చదివాను. నమ్మకం అనే పద్దు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. అయినా నాయనను మళ్లీ అడగలేదు. మా ఇంట్లో అప్పు గురించి అడగడం కూడా అప్పు చేసినంత తప్పే.

చదువయ్యాక నాకు చిక్కబళ్లాపురంలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూములో పని దొరికింది. "కంప్యూటర్ మీద లెక్కల పని" అని ఇంట్లో చెప్పాను. అబద్ధమేమీ కాదు. నేను కూర్చునేది ఫైనాన్స్ డెస్కులో. పన్నెండు వేల ఫోను కొందామని వచ్చిన మనిషిని ఇరవై ఎనిమిది వేల ఫోనుతో ఇంటికి పంపడం నా ఉద్యోగం. ఆధార్, పాన్ తీసుకుని, ముఖం ఫోటో ఒకటి కొడితే, తెప్పించిన టీ చల్లారేలోపల అప్పు వచ్చేసేది. నెలకు ఇంతమందికి అప్పు అంటగట్టాలని నాకొక లెక్క ఉండేది. అది దాటితే పైన కొంచెం డబ్బు వచ్చేది.

నా లెక్క తక్కువ పడిన నెలలో మొదటి గిరాకీ నేనే అయ్యాను. ఫోను తీసుకున్నాను. ఆ తరవాత బైకు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఉండే రూముకు టీవీ. ఎవరిదో పెళ్లికి నేనే ముందుపడి ఫ్రిజ్జు బహుమతిచ్చాను. నెలనెలా కంతులు సక్రమంగా కడుతున్నానని ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆ కార్డు ఉందని ఇంకో బ్యాంకు ఇంకోటి ఇచ్చింది. ఆ రెండూ ఉన్నాయని మూడోది. ఆదివారం వస్తే నందికొండ దారిలో ఏదో ఒక కాఫీ హోటల్లో కూర్చునేవాళ్లం. బిల్లు రాగానే నా చెయ్యి నాకు తెలియకుండానే జేబులోకి పోయేది. పర్సులో నుంచి కార్డు తీసే ఆ రెండు క్షణాలు నేను గొప్ప వ్యాపారస్థుడి కొడుకునని నాకే అనిపించేది.

ఒక్క కంతు కూడా తప్పలేదు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. మొదటి కార్డుకు కట్టాల్సిన రోజు రెండో కార్డులోంచి తీసేవాణ్ణి, రెండోదానికి మూడోదాంట్లోంచి. గుంత పూడ్చడానికి పక్కనే ఇంకో గుంత తవ్వి మట్టి తెచ్చినట్లు. ఇంట్లో మాత్రం జీతంలో సగం దాచిపెడుతున్నానని చెప్పాను. నాయన ఆ సంగతి కూడా బజారంతా చెప్పాడు.

ఇట్లా రోజులు నడుస్తుండగా అంగడి సొంతదారు ఒకరోజు నాయన దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మా తాత కాలం నుంచి మేము వాళ్లకు బాడుగ కడుతున్నాం. ముసలాయన నెమ్మదస్తుడు. బెంగళూరులో ఉన్న పిల్లలు అంగడి అమ్మేయమంటున్నారని, ముందు మమ్మల్ని అడగడం ధర్మమని వచ్చానని చెప్పాడు. ముప్పై లక్షలు. మూడు నెలల గడువు. మేము కాదంటే పక్కన సెల్‌ఫోన్ల దుకాణంవాడు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

నాయన దగ్గరున్న డిపాజిట్లు, ఒక చిన్న ఇంటి సైటు అమ్మితే వచ్చేది, అన్నీ కలిపితే పద్దెనిమిది లక్షలు తేలింది. ఆ ఆదివారం నేను ఇంటికి పోతే భోజనాల దగ్గర అడిగాడు.

"నీ కాడ ఎంత ఉండాదిరా?"

నా దగ్గర ఉన్నది మూడు కార్డుల మీద రెండు లక్షల ఎనభై వేల అప్పు. బైకు, ఫోను, టీవీ కంతులు వేరే.

"ఫిక్సెడ్‌లో ఏసిండా నాయనా. ఇప్పుడు తీస్తే నష్టం" అన్నాను.

నాయన ముఖం వెలిగిపోయింది. "మంచి పని చేసినావు. తీయొద్దు, ఉండనీ. వయసులో దాచుకున్న దుడ్డు ముట్టగూడదు" అన్నాడు. అమ్మ నా వైపు ఒకసారి చూసి, చారు పోసి లోపలికి వెళ్లిపోయింది. అట్లా, నేను చెప్పిన అబద్ధం వల్ల, జీవితంలో మొదటిసారి మా నాయన అప్పు కోసం బయలుదేరాడు.

ఆయనకు తోడుగా నేనూ బ్యాంకుకు పోయాను. చింతామణిలో మా ఖాతా ఉన్న బ్యాంకే. మేనేజరు ధార్వాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, నాకంటే ఐదారేళ్లు పెద్ద, కన్నడం తప్ప మాట్లాడడు. మా ఇంట్లో కన్నడం అందరికీ వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. నాయన పాన్ నంబరు కొట్టి చూసి, ఆయన తల గోక్కున్నాడు.

"యజమానరే, నిమగె సాలద ఇతిహాసనే ఇల్ల" అన్నాడు. మీకు అప్పుల చరిత్రే లేదు అని.

"లేదు సార్, ఒక్క పైసా లేదు" అన్నాడు నాయన, శాలువా కప్పడానికి ఎవరైనా లేస్తారేమో అన్నట్లు నిటారుగా కూర్చుని.

అది మెచ్చుకోలు కాదని చెప్పడానికి మేనేజరుకు చాలాసేపు పట్టింది. ఒక అప్పు తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకే ఇంకో అప్పు ఇవ్వడానికి వీలవుతుందని, అసలు తీసుకోనివాళ్లు కడతారో కట్టరో తమకు ఎట్లా తెలుస్తుందని అన్నాడు.

"నలభై ఏండ్లుగా ఈ బజారులో ఉండాను. బయటికి పోయి ఎవర్నయినా అడగండి" అన్నాడు నాయన.

మేనేజరు మర్యాదగా కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. "మేము దీన్నే అడగాలి సార్. అడిగాను. మీరెవరో తెలీదంటోంది."

నాయన కాసేపు ఆ కంప్యూటర్ వెనక భాగాన్ని చూశాడు. "అంటే, జైలుకు పోయొచ్చినోడికే మంచోడని చీటీ ఇస్తారా సార్ మీరు?"

మేనేజరు నవ్వాడు కానీ చీటీ ఇవ్వలేదు. రెండు దారులు చెప్పాడు. ఏదైనా చిన్న వస్తువు కంతుల మీద కొని, వరసగా కట్టి చరిత్ర సంపాదించుకోవడం ఒకటి. చరిత్ర ఉన్న ఇంటిమనిషిని పక్కన చేర్చుకోవడం రెండోది. "మీ అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు కదా. మీ ఇంటావిడ కూడా చేరితే వడ్డీ కొంచెం తగ్గుతుంది" అన్నాడు.

"మొదటి దారే మేలు సార్" అన్నాను నేను, నాయన నోరు తెరవకముందే.

నా తెలివికి ఫలితం తరవాతి సోమవారమే కనబడింది. పొద్దున పదకొండు గంటలకు నాయన తెల్లచొక్కా వేసుకుని, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చిక్కబళ్లాపురంలో మా షోరూము లోపలికి వచ్చాడు. నాకు చెప్పలేదు. నేరుగా నా ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"గ్రైండర్ ఒకటి కావల్ల. కంతుల మీద" అన్నాడు, నేనెవరో తెలియనట్లు. పక్కన కూర్చున్న నా సహోద్యోగులు నవ్వు ఆపుకుంటున్నారు. 'కంప్యూటర్ మీద లెక్కల పని' అంటే ఏమిటో ఆయనకు ఆ కుర్చీలో కూర్చున్నాకే అర్థమై ఉండాలి. ఆధార్ కార్డు కవర్లోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు.

నేను వివరాలు ఎక్కించాను. ఫోటో తీశాను. ఫోటోకు ఆయన నవ్వలేదు, అప్పు తీసుకునేటప్పుడు నవ్వడం బాగుండదనుకున్నట్లుంది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"లేదంటాంది నాయనా" అన్నాను.

"తొమ్మిది వేల గ్రైండరుకు కూడానా?"

"దానికి కూడా."

పక్క కుర్చీలో గార్మెంట్స్‌లో పనిచేసే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఆమెకు ముప్పై వేల ఫోనుకు అప్పుడే పచ్చ అక్షరాలు వచ్చాయి. నాయన ఆమె వైపు తిరిగాడు.

"నీకెట్ల ఇచ్చినారమ్మా?"

"నాకిది మూడోది పెద్దాయనా. మొదటిసారి నాకూ కష్టమే ఆయె" అందా అమ్మాయి, జాలిగా. "మీరు ఒకేసారి గ్రైండరుకు పోవద్దు. చెవిలో పెట్టుకునేవి ఉంటాయి చూడండి, పాటలు వినేవి, అవి తీసుకోండి మొదట. చిన్నది అయితే ఇస్తారు."

నాయన ఆ మాట శ్రద్ధగా విన్నాడు. తరవాత చొక్కా లోపలి జేబులోంచి తొమ్మిది వేలు తీసి నా ముందు పెట్టాడు. "సరే, రొక్కం తీసుకుని గ్రైండర్ ఇయ్యి."

అప్పుడు నేను చెప్పక తప్పలేదు. కంతుల మీద తీసుకుంటే ఆ నెలలో తగ్గింపు ఉంది. రొక్కానికి తగ్గింపు లేదు, ఐదువందలు ఎక్కువవుతుంది.

"రొక్కానికి ఎక్కువా?" అన్నాడు నాయన. నేను ఎడమచేత్తో అన్నం తింటూ కనబడినట్లు చూశాడు. డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని, అమ్మ పంపిన చింతకాయ తొక్కు డబ్బా నా బల్ల మీద పెట్టి, బస్టాండుకు వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి నన్ను అడిగింది, "ఎవరు అన్నా, పాపం ఆ పెద్దాయన?" అని. మా నాయన అని చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఇంక మిగిలింది రెండో దారే. గడువులో నెలన్నర అయిపోయింది. రేపు బ్యాంకుకు ముగ్గురం పోవాలి, సెలవు పెట్టి రమ్మని నాయన ఫోన్ చేశాడు. చింతామణి బస్సులో కూర్చుని దారి పొడవునా అబద్ధాలు కూర్చుకున్నాను. కార్డు స్నేహితుడిదని చెప్పొచ్చు. బ్యాంకువాళ్లు పొరపాటున నా పేరు మీద వేశారని చెప్పొచ్చు. అంతదూరం ఎందుకు, కడుపునొప్పి అని చెప్పి మధ్యలో దిగిపోవచ్చు. బస్సు మాత్రం ఎక్కడా ఆగకుండా ఆ రోజు టైముకు చేరింది.

బ్యాంకులో మేనేజరు మొదట నా పాన్ కొట్టాడు. నాలుగు కాగితాలు వచ్చాయి. ఆయన ముఖం విప్పారింది.

"చాలా బాగుంది సార్. స్కోరు ఏడువందల డెబ్బై ఒకటి. ఈ వయసులో ఇంత మంచి చరిత్ర! గర్వపడాలి మీరు" అని కాగితాలు నాయన చేతికిచ్చాడు.

నాయన గర్వపడటానికి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వ్యాపారం చేసినవాళ్లు ఏ కాగితాన్నైనా కిందినుంచి పైకి చదువుతారు. ఆయన వేలు ఆఖరి అంకె దగ్గర మొదలై ఒక్కొక్క వరసా ఎక్కుతూ పోయింది. బైకు దగ్గర ఆగింది. మూడు కార్డుల దగ్గర చాలాసేపు ఆగింది. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఇందులో ఫిక్సెడ్ యాడుండాదిరా?" అన్నాడు చివరికి, కాగితం మీదనుంచి తల ఎత్తకుండా.

నేను పైన తిరిగే ఫ్యాను చూశాను. మేనేజరు జవాబు చెప్పాడు. "ఇందులో డిపాజిట్లు కనబడవు సార్. అప్పులు మాత్రమే కనబడతాయి."

"కనబడతాండాయిలే సార్" అన్నాడు నాయన.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. కాగితాలు సమంగా సర్ది, అంచులు కలిపి, బల్ల మీద పెట్టాడు. మేనేజరుకు ఏదో అర్థమై, గొంతు సవరించుకుని, కార్డుల బాకీ ఉంది కాబట్టి నా జీతం మీద అంత అప్పు రాదని, అమ్మగారి వివరాలు కూడా చూద్దామని అన్నాడు.

"ఆమెకేముంటాది సార్, ఇంట్లో ఉండే మనిషి. నా మాదిరే ఖాళీ" అన్నాడు నాయన.

"ఇంకోనాడు చూద్దాములెండి" అంది అమ్మ మెల్లగా. అప్పటికే కుర్చీలోంచి లేస్తోంది.

"వడ్డీ తగ్గుతాది అన్నాడు గదా. కూర్చో."

మేనేజరు ఆమె పాన్ నంబరు కొట్టాడు. ప్రింటరు మొదలైంది, మొదలైంది ఆగలేదు. ఆరు కాగితాలు వచ్చాక ఒక చప్పుడు చేసి నిలిచింది. మేనేజరు మొదటి కాగితం చూసి, అమ్మను చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"అమ్మా, ఎనిమిదివందల పన్నెండు" అన్నాడు. "నేను ఈ బ్రాంచికి వచ్చాక ఇంత స్కోరు చూడలేదు."

నాయన చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నాడు. అన్నీ బంగారం మీద అప్పులు. బాగేపల్లిలో ఒక బ్యాంకు నుంచి. ఏడాదికి ఒకటి, ఒక్కో ఏడాది రెండు. అన్నీ చలికాలం ఆఖరున తీసుకున్నవి, అన్నీ శ్రావణం రాకముందే తీర్చినవి. ఒక్కటి కూడా ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఈసారి నాయన వేలు కిందినుంచి పైకి పోలేదు. ఆయన చూసింది అంకెలను కాదు, నెలలను. అది చింతపండు కాలం. ఏడాదికి సరిపడా సరుకు కొనిపెట్టుకోవలసిన నెలలు.

ఆ నెలల్లో ప్రతి ఏడూ నాయనకు చేతిలో డబ్బు తక్కువయ్యేది. ప్రతి ఏడూ అమ్మ పుట్టింటికి పోయి, శెనక్కాయల్లో తన వాటా అని తెచ్చి ఇచ్చేది. అమ్మది బాగేపల్లి తాలూకా పాతపాళ్యం. వానను నమ్ముకున్న మెట్టభూములు. వాన పడని ఏళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. పడని ఏడు కూడా అమ్మ వాటా తప్పకుండా వచ్చేది. నలభై ఏళ్లు తక్కెడ పట్టుకున్న మనిషికి ఆ లెక్కలో ఎప్పుడూ అనుమానం రాలేదు. పుట్టింటికి నేరుగా పోయే బస్సు ఉండగా ఆమె బాగేపల్లి చుట్టూ తిరిగి ఎందుకు పోతుందో కూడా అడగలేదు. ఆ బస్సులో సీటు దొరుకుతుందని చెప్పేది. సరుకు అమ్ముడయ్యేకొద్దీ ఇంటిఖర్చుకని ఆమె అడిగి తీసుకునే డబ్బులోనూ, పండగలకు తప్ప బీరువాలోంచి బయటికి రాని నగల్లోనూ ఆయనకు ఏ తేడా కనబడలేదు.

"బాగేపల్లికి ఏంటికి పోతివి?" అన్నాడు నాయన. ఇన్నేళ్ల తరవాత ఆయనకు తోచిన మొదటి ప్రశ్న అదే.

"ఈడ పెడితే సాయంత్రానికి మీకు తెలిసిపోదా? ఈ బ్యాంకులో సగం మంది మన కాడే చింతపండు కొంటారు."

"నాతో చెప్పొచ్చు గదా."

"చెప్తే మీరు సరుకు తెచ్చేవాళ్లు కాదు. సరుకు లేకుంటే అంగడి లేదు." అమ్మ కొంగు సర్దుకుంది. "అప్పు చేయలేదని చెప్పుకునేదానికి మీకు అంగడన్నా ఉండల్ల గదా."

మేనేజరు కంప్యూటర్‌లో లేని పని ఏదో చాలా శ్రద్ధగా చేస్తున్నాడు. నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి ముగ్గురం నడిచే వచ్చాం. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. నాయన తల ఊపాడు గానీ నిలబడలేదు. ఇంట్లో నాకు పెద్ద కచేరీ ఉంటుందని తెలుసు. భోజనం అయ్యాక నాయన మొదలుపెట్టాడు. "మన వంశంలో ఎవరూ..." అన్నాడు. అంతలో అమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. ఆయన ఆగిపోయాడు. కాసేపాగి ఇంకోరకంగా మొదలుపెట్టాడు. "నా ఇంట్లో ఇంతవరకు..." అన్నాడు. అదీ పూర్తి కాలేదు. ఎటునుంచి మొదలుపెట్టినా మాట అమ్మ దగ్గరికే వచ్చి నిలబడుతోంది. చివరికి, "అబద్ధం చెప్పినావు. అది తప్పు" అని మాత్రం అన్నాడు. అన్న తరవాత, ఇల్లంతా ఆ మాట పట్టించుకుందేమో అన్నట్లు ఒకసారి అటూ ఇటూ చూసి, లేచి అంగడికి పోయాడు.

నాయన పోయాక అమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"ఆ కార్డులు ఇట్ల పెట్టు. దేనికి వడ్డీ ఎక్కువ?"

నాకు తెలియదు. రోజుకు పదిమందికి అప్పులిచ్చే నాకు నా కార్డుల వడ్డీ ఎంతో తెలియదు. అమ్మ అక్కడికక్కడే ఫోన్ చేయించింది. అవతలివాళ్లు నెలకు ఇంత అని చెబుతున్నారు, వినడానికి చిన్న అంకెలాగే ఉంది. అమ్మ వేళ్ల మీద పన్నెండుతో హెచ్చవేసింది. నూటికి నలభై దాటింది.

"బంగారం పెడితే ఎంత పడుతుందో తెలుసునా? దీంట్లో నాలుగోవంతు" అంది. "బి.కాం. అంటే ఏం చెప్పిస్తారురా మీకు?"

మరుసటి రోజు ఆమె చేతి గాజులు నాలుగూ తీసి బ్యాంకులో పెట్టింది. ఈసారి బాగేపల్లిలో కాదు, చింతామణిలోనే, అందరూ చూస్తుండగా. ఆ డబ్బుతో మూడు కార్డుల బాకీ తీరింది. రెండు కార్డులు రద్దు చేయించింది. మూడోది తన బీరువాలో పెట్టుకుంది. "నీ చేతికి గాజులు లేవు, నావి పెట్టినా. విడిపించేది మాత్రం నువ్వే" అంది. అంతే, ఇంకో మాట లేదు, బుద్ధి చెప్పడం లేదు. మొదటి తారీకున జీతం పడగానే ఎంత కట్టాలో చెప్పేది, కట్టిన రసీదు వాట్సాప్‌లో పంపమనేది.

ఆదివారాలు ఇంటికి పోతే ఆమె వడ్డిస్తుంటే చేతుల వైపు చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. మట్టిగాజులు రెండేసి ఉండేవి. ఒకసారి కైవారంలో బంధువుల ఇంట్లో కార్యానికి పోయాం. మా మేనత్త వరసావిడ అమ్మ చెయ్యి పట్టుకుని అందరి ముందే అడిగింది, "బంగారు గాజులు యాడమ్మా?" అని.

"నా కొడుకు ఏసుకోండాడు" అంది అమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నెల జీతంలో మామూలుగా కట్టేదానికంటే రెండు వేలు ఎక్కువ కట్టాను.

అంగడి అప్పు మంజూరైంది. బ్యాంకు లెక్కలో అమ్మ మొదటి మనిషి, నాయన రెండో మనిషి, నా పేరు అక్కర్లేదన్నారు. రిజిస్ట్రేషను కూడా ఇద్దరి పేర్ల మీద, అమ్మ పేరు ముందు. సంతకాల రోజు నాయన అలవాటుగా పైన గీత మీద పెన్ను పెట్టబోతే గుమాస్తా ఆపి, కింద పెట్టమన్నాడు. నాయన కింద పెట్టాడు.

ఆ తరవాత మూడు నెలలు ఆయన అంగట్లో అప్పు మాట ఎత్తలేదు. వాన గురించి మొదలైతే వాన దగ్గరే ఆగిపోయేది. ఒంట్లో బాగాలేదా అని పాత గిరాకీలు నన్ను అడిగారు. తరవాత మెల్లగా మళ్లీ మొదలుపెట్టాడు, కానీ పాఠం మారింది. "అప్పు చేయొచ్చప్పా. తీర్చేది తెలిసినోళ్లు ఇంట్లో ఉండల్ల, అంతే" అనేవాడు. రిజిస్ట్రేషను అయినప్పటినుంచి అమ్మ కూడా అంగడికి వచ్చేది, ఆమె లోపల తక్కెడ దగ్గర ఉన్నప్పుడు ఈ మాట కొంచెం గట్టిగా అనేవాడు. ఆమె వినిపించుకున్నట్లు ఎప్పుడూ కనబడలేదు.

నాకు పద్నాలుగు నెలలు పట్టింది. గాజులు విడిపించి ఒక చిన్న గుడ్డసంచిలో తెచ్చి ఇచ్చాను. అమ్మ లెక్కపెట్టి చూసుకుని, రెండు వేసుకుంది, రెండు బీరువాలో పెట్టింది. నా పక్కన నిలబడి ఏదైనా అంటుందేమోనని చూశాను. "టిఫిను తిన్నావా?" అంది.

నా ఉద్యోగం మారలేదు. ఇప్పటికీ అదే బల్ల. ఒక్క తేడా, సంతకానికి ముందు మొత్తం మీద ఎంత ఎక్కువ కట్టబోతున్నారో గట్టిగా చదివి చెబుతాను. పదిమందిలో ఇద్దరు లేచిపోతారు. మిగిలిన ఎనిమిది మంది, తొందరగా కానివ్వమంటారు. నా పైఅధికారికి ఆ ఇద్దరి గురించే బాధ. నాకు అప్పుడప్పుడు ఆ ఎనిమిది మంది గురించి ఉంటుంది. కానీ అప్పట్లో నాకు ఎవరైనా చదివి వినిపించినా నేను వినేవాణ్ణి కాదు.

నాయనకు ఇప్పుడు చరిత్ర ఉంది. అంగడి కంతు వరసగా పడుతూ ఉండడంతో ఆయన పేరు కూడా కంప్యూటర్‌కు తెలిసిపోయింది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఫోన్లు రావడం మొదలయ్యాక తెలిసింది. పోయిన నెల నేను అంగట్లో ఉండగా ఒకటి వచ్చింది. ఏ బ్యాంకు తరఫునో ఒక అమ్మాయి, సార్ మీకు ఐదు లక్షలు మంజూరై సిద్ధంగా ఉంది అంటోంది. పెట్టేయమని నేను సైగ చేశాను. నాయన పెట్టలేదు. గల్లాపెట్టె ముందు సర్దుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న గిరాకీలకు వినబడేటట్లు స్పీకరు పెట్టాడు.

"ఏంటికమ్మా నాకు ఇస్తామంటాండారు?"

"మీ రికార్డ్ చాలా బాగుంది సార్."

"ఇంకోసారి చెప్పమ్మా, ఈడ చప్పుడుగా ఉండాది."

ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. నాయన ఆమె ఊరు అడిగాడు, భోజనం అయిందా అని అడిగాడు. ఇప్పుడు అవసరం లేదమ్మా, వచ్చే నెల ఒకసారి చేసి చూడు అన్నాడు. అమ్మ ఎండుమిరపకాయల మూటలు చూసుకుంటూ లోపలినుంచే, "వడ్డీ ఎంతంట?" అని అడిగింది. నాయన ఆ మాట ఫోనులో అడిగి, ఫోను చేత్తో మూసి జవాబు లోపలికి చెప్పాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఎక్కువ. పెట్టేయండి" అంది.

ఆయన పెట్టేశాడు.